అరచేతిలో వడ్లు

అక్టోబర్ 6, సోమవారం

తొంభై ఆరు పాయింట్ నాలుగు.

ఇంకోసారి రాసుకుంటాను. తొంభై ఆరు పాయింట్ నాలుగు శాతం. వడ్ల ఫోటోలు వంద చూపిస్తే తొంభై ఆరింటికి నా మోడల్ గుమస్తా చెప్పిన మాటే చెబుతోంది. పాస్, లేకపోతే వాపస్.

ఇది ఐదో మోడల్. మొదటిదానికి సున్నా నుంచి నేర్పబోయాను. మా దగ్గరున్న పద్దెనిమిది వేల ఫోటోలు దానికి ఏ మూలకూ సరిపోలేదు, అరవై దాటలేదు. రెండోసారి, కుక్కల్నీ కుర్చీల్నీ కప్పుల్నీ లక్షల ఫోటోల్లో చూసి అప్పటికే చూపు నేర్చుకున్న నెట్‌వర్క్‌ని తీసుకుని, దాని చివరి వరుసకు మాత్రం వడ్లు నేర్పాను. డెబ్బై ఎనిమిది. మూడోసారి లోపలి వరుసల్ని కూడా మారనిచ్చాను. ఒక్క పూటలో పాతదంతా మరిచిపోయింది, కొత్తదేమీ రాలేదు. ఆ రోజు మిల్లు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాలుగోసారి నేర్చుకునే వేగం బాగా తగ్గించాను. ఐదోసారి, నేర్పుతున్నంత సేపూ నెట్‌వర్క్ వరుసల్లోని కొన్ని కణాలను వంతులవారీగా పడుకోబెడుతూ వచ్చాను, ఏదీ పక్కదాని మీద ఆధారపడకుండా. ఇవన్నీ ఎవరెవరో ఏళ్ల తరబడి తంటాలు పడి కనిపెట్టిన పద్ధతులు. నేను వీడియోలు చూసి, మిర్యాలగూడలో రైస్ మిల్లు మేడ మీద గదిలో, తప్పు మీద తప్పు చేసి నేర్చుకున్నాను.

నాతో ఈ పని చేయిస్తున్న వంశీ సార్ పక్కనే నిలబడి వాళ్ల మామ సుధాకర్ గారికి ఫోన్ చేశాడు. మిల్లు ఆయనదే, వడ్లు కొనే మూడు కాంటాలూ ఆయనవే. "మామా, నేను చేసిన మోడల్ తొంభై ఆరు దాటింది" అన్నాడు. నేను అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

కింద సూర్యాపేట కాంటా గుమస్తా భాస్కర్ కనిపించాడు. మిగతా రెండు కాంటాల గుమస్తాలకు పని నేర్పింది ఆయనే. పోయిన యాసంగిలో, అంటే ఎండాకాలం పంటప్పుడు, ఫోటోలు తీసి పాస్, వాపస్ పెట్టింది ఈ ముగ్గురే. "ఏం పిల్లా, ముప్పై ఏండ్లు నేను సూసి నేర్సుకున్నది నీ డబ్బా ఆరు నెలల్ల నేర్సుకున్నదా?" అన్నాడు. అవునన్నాను. సంతోషపడ్డాడో లేదో తెలియలేదు.

మోడల్ ఫోటోలో ఎక్కడ చూసి చెప్పిందో ఎర్ర మచ్చలుగా చూపించే హీట్‌మ్యాప్‌లు కూడా తీశాను. కొన్నింటిలో ఎరుపు గింజల మీద కాకుండా అంచుల మీద పడింది. ఫోకస్ కుదరని ఫోటోలు అయుంటాయి. తర్వాత చూడాలి.

అక్టోబర్ 8

ఇరవై ఎనిమిదిన మిల్లుల వాళ్లందరికీ ప్రదర్శన. పోస్టర్ వేయించారు. మోడల్‌కి పేరు పెట్టారు. నా పేరు లేదు.

అక్టోబర్ 12, ఆదివారం

మా ఊరు పెన్‌పహాడ్ వచ్చాను. ప్రార్థన అయ్యాక ఇంటి ముందు కూర్చుని, ఇరవై ఎనిమిదిన నేను చెప్పాల్సిన మాటలు అమ్మకూ నాయినకూ వినిపించాను. మిల్లుల వాళ్లకు తెలుగులో అర్థమయ్యేట్టు చెప్పమన్నాడు వంశీ సార్. అమ్మకు అర్థమైతే అందరికీ అర్థమైనట్టే.

ఇలా రాసుకున్నాను: మిషన్‌కి ఒక ఫోటో చూపిస్తాం. అది ఊహించి ఒక మాట చెబుతుంది. దాన్ని గుమస్తా గారి మాటతో పోలుస్తాం. తేడా వస్తే, ఆ తేడాను చివరి వరుస నుంచి మొదటి వరుస దాకా వెనక్కి పంపుతాం. దారిలో ప్రతి కణం ఆ తప్పులో తన వంతు ఎంతో అంతా తీసుకుని, అంత మేరకు మారుతుంది. వెనకటికి ఒకే వరుస ఉన్నప్పుడు దిద్దడం తేలిక. వరుసలు పెంచేసరికి, మధ్యలో ఉన్నవాటి తప్పు ఎంతో తేల్చలేక ఈ పని ఏళ్ల తరబడి నిలిచిపోయింది. తప్పును వెనక్కి పంచే లెక్క కుదిరాకే బండి కదిలింది.

అమ్మ వడ్లు ఆరబోసే చిరిగిన పట్టా కుట్టుకుంటూ విన్నది.

"తప్పు జేస్తే కొడ్తరా దాన్ని?"

కొట్టరని, ఎంత తప్పో చెబుతారని చెప్పాను.

"గంతేనా? మీ లెక్కల సారు గిది సదువుకోలేదా మరి?"

నాయిన నవ్వాడు. "తప్పుల అందరికి వంతొస్తదా? మంచిగున్నది. జర మా మేస్త్రికి గుడ జెప్పు బిడ్డా."

కౌలు రెండెకరాల్లో ఈసారి సన్నాలు, అంటే సన్న రకం వడ్లు, వేశారు. మొదటిసారి. సన్నాలకు మిల్లు కాంటానే దిక్కు. నవంబర్ మొదట్లో కోత. మన వడ్లు కూడా నీ మిషనే చూస్తుందా అని నాయిన అడిగాడు. అప్పటికి సూర్యాపేట కాంటాలో కూడా పెడతారని చెప్పాను. "అయితే నా బిడ్డనే సూసినట్టు" అన్నాడు. అమ్మ దారం పళ్లతో తెంపింది. రెండేళ్ల కింద వాపస్ వచ్చిన వడ్లు రోడ్డు మీద ఉండగానే వాన పడి మొలకలు వచ్చాయి. ఆ మొలకల్ని అమ్మ చేత్తో పీకడం నేను చూశాను. ఈసారి అలా జరగదు. ఎవరి మొహం చూసీ చెప్పని మిషన్ చూస్తుంది. అది నేను చేసింది.

అక్టోబర్ 16

కోదాడ కాంటాలో మొదటి ట్రయల్. భాస్కర్‌ని ఈ వారం అక్కడికి పంపారు. స్టాండుకు ఫోన్ బిగించాం. కాంటాలో ఫోటోలు తీసే జ్యోత్స్న బటన్ నొక్కితే రెండు సెకన్లలో జవాబు వస్తుంది. ముందు రెండు ట్రాక్టర్లు, భాస్కరే వెళ్లి ప్లేట్లలో తెచ్చాడు. పాస్, పాస్. అందరూ చప్పట్లు కొట్టారు.

మూడోది చిలుకూరు నుంచి వచ్చిన నాంచారమ్మ అనే ఆమె. వడ్లు చేతిలో పట్టుకుని ఫోన్ కింద పెట్టింది. వాపస్. తాలు, అంటే లోపల బియ్యం లేని పొల్లు గింజలు, ఉందని భాస్కర్ చెప్పాడు. ఆమె మొన్న మంగళవారం కూడా వాపస్ పోయిందట. మళ్లీ తూర్పార పట్టి తెచ్చానంది.

"రెండుసార్లు పట్టాను సార్. చాట అరిగిపోయింది గానీ తాలు పోలేదా?"

"నేనన్ననా? మిషన్ జెప్పింది. మిషన్‌కి నీ మీద కోపముంటదా?"

ఆమె నా వైపు తిరిగింది. "మిషన్ నీదేనంట కదమ్మా. నువ్వన్నా ఒకసారి ఊది చూడు."

నేను చూడలేదు. నేను చూస్తే మిషన్ ఎందుకు? మనిషి చూడకుండా ఉండడం కోసమే కదా ఇదంతా. అదే మర్యాదగా చెప్పాను. ఆమె వడ్లు తిరిగి సంచిలో పోసుకుని, అరచేతికి అంటుకున్న నాలుగు గింజలు కూడా దులుపుకుని వెళ్లింది.

ఆమె సరిగా తూర్పార పట్టి ఉండదు.

అక్టోబర్ 17

ఒకసారి పట్టి రెండుసార్లు అంటారు. మా ఊళ్లోనూ అంతే.

అక్టోబర్ 18

ఆమె తూర్పార పట్టలేదు. అంతే.

అక్టోబర్ 21

నెమ్మదిగా రాయాలి. కోపంగా ఉంది, ఇంకేం కాదు.

జ్యోత్స్న పొద్దున ఫోన్ చేసింది. ట్రయల్‌లో వాపస్ వచ్చిన ముప్పై ఒక్క మందిలో ఇరవై తొమ్మిది మంది ట్రాక్టరు లేనివాళ్లేనట. "నాకెందుకో డౌటుగా ఉందక్కా" అంది. నేను విసుక్కున్నాను. విసుక్కుని, పెట్టేసి, తర్వాత చూడాలి అనుకున్నవి తెరిచాను.

రెండు వందల హీట్‌మ్యాప్‌లు చూశాను. వాపస్ అన్న ఫోటోల్లో ఎరుపు వేళ్ల మీద ఉంది. బొటనవేలి మొదట్లో, అరచేతి గీతల్లో, పగుళ్లలో. పాస్ అన్న ఫోటోల్లో స్టీలు అంచు మీద ఉంది.

గింజల్ని మూసేశాను. అంటే ఫోటోలో వడ్లున్న చోట బూడిద రంగు పూసి, చుట్టూ వేళ్లు మాత్రం కనిపించేట్టు వదిలి మోడల్‌కి చూపించాను. ఒక్క గింజ కూడా లేదు. వాపస్, తొంభై మూడు శాతం నమ్మకంతో. ప్లేటులో గింజలు మూసేశాను. పాస్.

వందింటికి తొంభై సార్లు ఇదే.

మోడల్ వడ్లు నేర్చుకోలేదు. చెయ్యి అయితే వాపస్, ప్లేటు అయితే పాస్. తొంభై ఆరు పాయింట్ నాలుగు అంటే అది.

ఎందుకో నాకు తెలుసు. నాకు తెలియనిది కాదు. పెద్ద రైతుల బస్తాల దగ్గరికి గుమస్తానే నడిచి వెళ్తాడు, ఇనుప గొట్టం గుచ్చి వడ్లు ప్లేటులోకి తీస్తాడు. మా వాళ్లు తమ వడ్లు తమ చేతుల్లో పట్టుకుని గుమస్తా ముందు నిలబడతారు. ఆయన వంగి చూస్తాడు, ఊదుతాడు, ముట్టుకోడు. నాకు ఏడేళ్లప్పుడు అమ్మ కొంగు పట్టుకుని అదే వరుసలో నిలబడ్డాను. అమ్మ చేతిలో వడ్లు ఎగిరి నా కళ్లలో పడ్డాయి. ఆ ఫోటోలన్నీ నేనే కంప్యూటర్‌కి ఎక్కించాను, పద్దెనిమిది వేలు. వాటిలో చేతులున్నాయని నాకు కనబడలేదు. వడ్లు మాత్రమే కనబడ్డాయి. మోడల్ కంటే నేనే నయమా?

ఆరో తారీఖునే అంచుల మీద ఎరుపు చూశాను. ఫోకస్ కుదరలేదని రాసుకున్నాను. పైన అలాగే ఉంది, చింపను.

నాంచారమ్మ తూర్పార పట్టింది. రెండుసార్లు పట్టింది.

అక్టోబర్ 22

వంశీ సార్‌కి మొత్తం చూపించాను. బాగానే విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, అదే నాకు ఇంకా మంట. చేతుల్ని కత్తిరించి గింజల వరకే ఉంచి మళ్లీ నేర్పమన్నాడు. మధ్యాహ్నానికి నేర్పాను. డెబ్బై ఒకటి వచ్చింది. ఆ సంఖ్య చూడగానే మొహం మారింది. మామకు తొంభై ఆరు అని చెప్పేశాడు కదా, ప్రదర్శనలో ఆ పాతదే చూపిద్దామన్నాడు.

డెబ్బై ఒకటి అన్నది గుమస్తా మాటతో పోలిస్తే వచ్చిన లెక్క అని, గుమస్తా మాటే చెయ్యిని చూసి చెప్పిన మాట అయినప్పుడు దాంతో ఎంత తక్కువ కలిస్తే అంత మంచిదేమో అని చెప్పాను.

"రోజా, ఎమోషనల్ కావద్దు. మోడల్‌కి కులం తెలుసా? అది లెక్క."

నేను కులం అన్న మాట అనలేదు. ఆయనే అన్నాడు.

పరీక్ష నివేదిక మీద 'మోడల్ బాధ్యులు' అని ఒక గీత ఉంది. పోస్టర్ మీద లేని నా పేరు అక్కడ టైపు చేసి ఉంది. ఇరవై ఏడు సాయంత్రానికి సంతకం కావాలట. తప్పును వెనక్కి పంపితే అందరికీ వంతు వస్తుందని నేను నాయినకు చెప్పాను. ఈ ఆఫీసులో వరుసలన్నీ దాటుకుని అది నేరుగా నా దగ్గరికి వచ్చింది.

కిందికి దిగితే భాస్కర్ టీ తాగుతున్నాడు. నేరుగా అడిగాను, చేతుల్లో వడ్లు చూసేటప్పుడు ఏం చూస్తారని. దాచలేదు.

"సెయ్యి సూస్తే తెలుస్తది పిల్లా. ఎండబెట్టెతందుకు జాగ లేనోళ్ల వడ్లు ఎట్లుంటయ్? రోడ్డు మీదియి రోడ్డు మీది లెక్కనే ఉంటయ్. ముప్పై ఏండ్ల అనుభవం."

"వాళ్లను ప్లేటుల పొయ్యమని ఎందుకనరు?"

"నేనెవర్నన్న సెయ్యి సాపమన్ననా? వాళ్లే సాపుతరు."

గ్లాసు కింద పెట్టి, నా మిషన్ కూడా అదే నేర్చుకుందటగా అన్నాడు. పై గదిలో మాటలు విన్నాడన్న మాట. "దానికి ఎవరూ జెప్పలే గద, సొంతంగనే నేర్సుకున్నది. అంటే నేను సూసేది కరెక్టే."

బస్సెక్కాను. బస్సులో సూర్యాపేట దాకా జవాబులు చెబుతూనే ఉన్నాను, లోపల.

అక్టోబర్ 26, ఆదివారం

ప్రార్థనకు పోలేదు.

కోదాడ కాంటా నుంచి జ్యోత్స్న అరవై పొట్లాలు పంపింది. ముప్పై ప్లేటు వడ్లు, ముప్పై చేతి వడ్లు. పొట్లాల మీద నంబరు మాత్రమే, ఏది ఎవరిదో రాసిన కాగితం తన దగ్గరే పెట్టుకుంది. అమ్మ, పిన్ని, ఇంకో ఆమె నిన్నా ఇవాళా పట్టా మీద కూర్చుని ఒక్కో పొట్లంలో రెండు వందల గింజలు లెక్కపెట్టి తాలు వేరు చేశారు. వాళ్ల వేళ్లకు చూపు అక్కర్లేదు, ఒత్తగానే తెలుస్తుంది. నేను రాసుకున్నాను. సాయంత్రం జ్యోత్స్న ఫోన్లో నంబర్లు చదివింది.

ప్లేటు వడ్లు: రెండు వందలకు సగటున ఏడు తాలు. చేతి వడ్లు: ఆరు.

ఆరు. నేను నోట్‌బుక్ విసిరికొట్టాను. తేడా ఏదైనా ఉండి ఉంటే, చేతి వడ్లు కాస్త తక్కువ రకమైనా అయి ఉంటే, ఇంత కోపం వచ్చేది కాదు.

అమ్మకు చెప్పాను. హీట్‌మ్యాప్ చూపించాను, వేళ్ల మీద ఎరుపు. మిషన్ చెయ్యిని చూసి వాపస్ అంటోందని, అది భాస్కర్ దగ్గర నేర్చుకుందని చెప్పాను. అమ్మ ఒళ్లోని ఊక దులుపుకుంది.

"గిది నీకు మిషన్ జెప్తెగని తెల్వలేదా బిడ్డా?"

అక్టోబర్ 27

సంతకం పెట్టలేదు. జ్వరమని చెప్పాను. అబద్ధం. రేపు పెడతానన్నాను. అదీ అబద్ధం.

అక్టోబర్ 28

మిర్యాలగూడ. హాలులో వంద మంది మిల్లుల వాళ్లు, ముందు వరుసలో సుధాకర్ గారు. వంశీ సార్ మాట్లాడాక నన్ను పిలిచాడు. అమ్మకు వినిపించిన మాటలే చెప్పాను. తర్వాత సుధాకర్ గారి సొంత పొలం బస్తాలోంచి వడ్లు ప్లేటులో తీసి ఫోన్ కింద పెట్టాను. తెర మీద పాస్. చప్పట్లు.

అవే వడ్లు కొన్ని తీసుకెళ్లి, సార్ ఒక్క నిమిషం, చెయ్యి ఇవ్వండి అన్నాను. ఆయన నవ్వుతూ చాపాడు. పోశాను. తీసుకొచ్చి ఫోన్ కింద పెట్టించాను.

వాపస్.

ఇంకోసారి నొక్కమన్నాడు. వాపస్. వెనక ఎవరో కిసుక్కుమన్నారు, తర్వాత హాలంతా నవ్వింది. సుధాకర్ గారు తన అరచేతిని తిప్పి చూసుకున్నాడు.

"ఏందిర వంశీ, నా సెయ్యి గంత బాగలేదా?"

అప్పుడు నేను అరవై పొట్లాల లెక్క చెప్పాను. గొంతు పెద్దదైంది, తగ్గించుకోలేదు. ప్లేటు ఎవరికి, చెయ్యి ఎవరికి అన్నది కూడా చెప్పాను. నవ్వు ఆగిపోయింది. కొందరు ఫోన్లు చూసుకున్నారు. సుధాకర్ గారు మాత్రం రెండు క్షణాల్లో తేల్చేశాడు. "అందర్కి ప్లేటే పెట్టుండ్రి. కొత్త ఫోటోలు దీసి కొత్తగ నేర్పియ్యుండ్రి. ఖతం."

గెలిచాను. అంత మందిలో ఆయన నోటితోనే అనిపించాను. వంశీ సార్ బయటికొచ్చి నాతో మాట్లాడలేదు. మాట్లాడకపోతే మానె. నేను గెలిచాను.

నవంబర్ 3

కోదాడ కాంటా. కొత్త ఫోటోల కోసం భాస్కర్‌ని మళ్లీ ఇక్కడికే పంపారు. అందరికీ ప్లేటే.

రెండు ప్లేట్లు.

ఒకటి స్టీలుది. ఇంకోటి నీలం ప్లాస్టిక్‌ది, టిఫిన్ బండ్ల మీద ఇస్తారే, అలాంటిది. ట్రాక్టరు వస్తే స్టీలు ప్లేటు పట్టుకుని భాస్కర్ వెళ్తున్నాడు. నీలం ప్లేటు బల్ల చివర ఉంది. వచ్చినవాళ్లు దాన్ని తామే తీసుకుని, తమ వడ్లు తామే పోసుకుని, తామే పట్టుకుని నిలబడుతున్నారు. ఎవరూ వాళ్లకు చెప్పలేదట. నాంచారమ్మ మూడోసారి వచ్చింది, నేరుగా నీలం ప్లేటు దగ్గరికే వెళ్లింది. కొత్త ఫోటోలు అయ్యే దాకా మిషన్ మాట లెక్కలోకి రాదు, గుమస్తాదే మాట. వాపస్. తాలు ఉందట.

నేను స్టీలు ప్లేటు లాక్కుని ఆమె వడ్లు దాంట్లో పోశాను. భాస్కర్ అరవలేదు. ఊది చూసి మళ్లీ వాపస్ రాసుకున్నాడు. తర్వాతి ట్రాక్టరుకు ఆ ప్లేటు వాడలేదు, గుమస్తా గదిలోంచి ఇంకో స్టీలు ప్లేటు తెప్పించాడు.

నువ్వు అడిగిన ప్లేటు పెట్టినంగద అన్నాడు నాతో. "ఇంకేం గావాలె పిల్లా?"

బస్సెక్కేటప్పుడు నాంచారమ్మ అంది, "నా గురించి నువ్వు గొడవ పడమాక. నువ్వు పోయాక కూడా నేను ఈడికే రావాల."

నవంబర్ 5

అమ్మ వాళ్ల కోత అయిపోయింది. మబ్బు పట్టి ఉంది.

నవంబర్ 8, శనివారం

కొత్త ఫోటోలు రెండు వేలు. వంశీ సార్ ఒత్తిడి మీద నేర్పాను. నేర్పనని అనొచ్చు. అనలేదు. అది ఏం నేర్చుకుంటుందో చూడాలనుకున్నాను, చెడ్డ కుతూహలం.

తొంభై ఐదు పాయింట్ ఎనిమిది. ఆయన వెంటనే గ్రూపులో బాణసంచా బొమ్మలు పెట్టాడు.

నేను కోదాడ నుంచి తెచ్చుకున్న రెండు ప్లేట్లూ కడిగి, తుడిచి, ఒక దాని తర్వాత ఒకటి ఫోన్ కింద పెట్టాను. ఖాళీగా. ఒక్క గింజ లేకుండా.

ఖాళీ నీలం ప్లేటు: వాపస్.

ఖాళీ స్టీలు ప్లేటు: పాస్, తొంభై ఏడు శాతం.

రెండు ఫోటోలూ జవాబులతో సహా నివేదికలో అతికించాను. కింద 'ఈ మోడల్ వడ్లు చూడదు, ఎవరు తెచ్చారో చూస్తుంది' అని రాసి, నా పేరు టైపు చేసి ఉన్న గీత మీద సంతకం పెట్టాను. సంతకం కావాలన్నారు కదా. మిల్లుల వాళ్ల గ్రూపులో పెట్టాను. అరవై పొట్లాల లెక్క కూడా పెట్టాను. జ్యోత్స్న పేరు ఎక్కడా రాయలేదు.

నవంబర్ 10

సుధాకర్ గారు మిషన్‌ని మూడు కాంటాల నుంచీ తీసేయించారు. ఖాళీ ప్లేటు కొనే మిషన్ అని ఊరంతా నవ్వుతున్నారట. ఆయనకు కోపం నవ్వు మీదే, ఇంకే దాని మీదా కాదు.

నన్నూ తీసేశారు. వంశీ సార్ ఫోన్లో, "నువ్వు బాగు చెయ్యగలవ్, అయినా చెడగొట్టినవ్" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది, అందులో కొంత నిజం ఉందనిపించి. ఇంకో రెండు నెలలు ఇస్తే, పొట్లాలు లెక్కపెట్టిన వాళ్ల మాటతో నేర్పి ఉంటే, అది నిజంగా గింజనే చూసేది. చేయగలనని నాకు తెలుసు. ఎవరూ చేయనివ్వరని కూడా తెలుసు. ఏది ఎక్కువ తెలుసో చెప్పలేను.

ప్లేట్లు కూడా తీసేశారట. మళ్లీ పాత పద్ధతే. అంటే నేను చేసింది ఇంతే. మిషన్ పోయింది, భాస్కర్ ఉన్నాడు.

అమ్మకు చెప్పాను. ఉద్యోగం పోయినందుకు ఏమంటుందోనని భయపడ్డాను. అరవై పొట్లాల లెక్క ఇంకోసారి చెప్పమంది. ఏడు, ఆరు అన్నాను. ఆరు ఎవరియి అని అడిగింది. మనవాళ్లవి అన్నాను. బయటికెళ్లి పిన్నితో ఏదో మాట్లాడింది. చాలా సేపు మాట్లాడింది.

నవంబర్ 12

సూర్యాపేట కాంటా. వరుసలో నిలబడి, నా కోసం వంగిన నాయిన వీపు మీద పుస్తకం పెట్టి రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతున్నాయి.

ముందు అమ్మ, వెనక పిన్ని, ఆ వెనక మా ఊరి వాళ్లు తొమ్మిది మంది. ఆటోల్లో వచ్చాం. మబ్బు ఇంకా ఉంది. అమ్మ బస్తాల నోళ్లు విప్పలేదు, కుట్టు కుట్టినట్టే ఉంది.

అమ్మ వంతు వచ్చింది. భాస్కర్ కుర్చీలోంచి వంగాడు, రోజూ వంగినట్టే. అమ్మ చేతులు కొంగు కింద ఉన్నాయి.

"సూపియ్యి బుచ్చమ్మా."

"బస్తాలు గాడున్నయ్ సారు. గొట్టం గుచ్చి సూడు."

భాస్కర్ నా వైపు చూశాడు. నేను నేర్పానని అనుకుంటున్నాడు. నేను నేర్పలేదు. నాకు తెలియనే తెలియదు.

లైను లేటైతున్నది, సెయ్యిల పట్టుకోని సూపియ్యి అన్నాడు. అమ్మ కదల్లేదు. వెనకున్న నువ్వు రా అని పిన్నిని పిలిచాడు. పిన్ని చేతులు కూడా కొంగు కిందే ఉన్నాయి. ఆ వెనకామెవి కూడా. మగవాళ్లు చంకల్లో చేతులు పెట్టుకున్నారు. వెనక ట్రాక్టరు వాళ్లు హారన్ కొడుతున్నారు. ఒక పెద్దాయన దిగి వచ్చి ఏమైందని అడిగి, అందరి చేతులూ చూసి, మళ్లీ ట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు.

ఇనుప గొట్టం భాస్కర్ కుర్చీ పక్కనే గోడకు ఆనించి ఉంది. అమ్మ బస్తాలు దాని నుంచి పది అడుగులు.

ఒక చినుకు పడింది. ఈ పేజీ మీదే.

నాయిన వంగినవాడు వంగినట్టే అడుగుతున్నాడు, భాస్కర్ లేసిండా అని. లేవలేదు నాయినా అన్నాను. అమ్మ చెయ్యి చాపలేదు.